చేతి గడియారము – మన ఇష్టము

ధ్యాన భాగములు: 2 సమూయేలు 12:1–7, యాకోబు 2:1–7



గత వేసవిలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘములోని యౌవనస్థుడొకడు గుడి వసారాలో మా కొరకు కనిపెట్టుకొని నిలిచియుండెను. అతడు ట్రాక్టరు తోలువాడు. పొరుగు గ్రామములో పెండ్లి కుదిరినది. అటు ఇటు చూచి, మెల్లగా, "అయ్యగారండీ, ఒక్క మాట అడగాలి. కట్నం తీసుకోనని మీ ఎదటే చెప్పాను గదండీ, ఆ మాట మీదే ఉన్నాను. అయితే మా మామగారు వాచీ ఒకటి పెడతామంటున్నారు. ఎలాంటిది కావాలో చెప్పమన్నారు. రోజూ పెట్టుకోటానికి ఏది బాగుంటుందండీ?" అని అడిగెను.

ప్రశ్న చిన్నదే. మేము దానికి దీర్ఘముగా జవాబు చెప్పితిమి. వాచీలనగా మాకు చిన్ననాటి నుండి ప్రీతి. ఎవరైన బస్సులో ప్రక్కన కూర్చున్నయెడల వారి ముఖముకంటె ముందుగా వారి మణికట్టు చూచు అలవాటు మాకు గలదు. కాపరికి ఇటువంటి ప్రీతి తగునా అని కొందరు తలంచవచ్చును. ఆ మాట తరువాత చూతము. ఆ దినమున మాత్రము మాకు ఇష్టమైన సంగతి అడిగెనని సంతోషించి, వసారా మెట్టు మీద కూర్చుండి చెప్పసాగితిమి.

వాచీ ముఖము తెల్లగా నుండవలెను, అంకెలు నల్లగా నుండవలెను, పన్నెండును పూర్తిగా వ్రాయబడియుండవలెను. కొన్నిటిలో అంకెలకు బదులు గీతలు మాత్రమే యుండును. అవి చూపుకు అందమే గాని, సందె చీకటిలో పది యేదో పదకొండు ఏదో వెదకుకొనవలెను. అడ్డము 36 మొదలు 40 మిల్లీమీటర్ల లోపల చాలును. అంతకు మించినది చొక్కా చేతికి తగులుకొనును, పని చేయువానికి అడ్డు. తోలు పట్టీ చెమటకును బురదకును ఒక్క వర్షాకాలములో కుళ్లి వాసన కొట్టును. స్టీలు గొలుసు గట్టిదే గాని చేతి వెండ్రుకలు పీకును. పొలము పనివానికి రబ్బరు పట్టీ గాని, బావి వద్ద ఉతుకుకొనదగిన నైలాను పట్టీ గాని మేలు. నీటి సంగతి కూడ చెప్పితిమి. ముఖము మీద 30 మీటర్లని వ్రాసియున్నంత మాత్రమున దానితో చెరువులో మునుగవచ్చునని కాదు. అది చినుకులకును, చేతులు కడుగుకొనుటకును మాత్రమే ఓర్చును. స్నానమునకు 50 కావలెను, ఈతకు 100 కావలెను. ఆ అంకెను నమ్మి వాచీలు పాడుచేసికొన్నవారిని మేమెరుగుదుము.

ముళ్లున్నది మంచిదా, అంకెలు మాత్రము మెరయు డిజిటల్ వాచీ మంచిదా అని అతడు అడిగెను. డిజిటల్ వాచీ చవక, గట్టిది. కాసియో వారి చిన్న నల్ల ప్లాస్టిక్ వాచీ ఒకటి 1989లో వచ్చి నేటికిని అమ్ముడగుచున్నది. అయినను మా ఇష్టము ముళ్ల వాచీయే. అంకెల వాచీ ఇప్పుడెంత అని మాత్రము చెప్పును. ముళ్ల వాచీ అయితే గడచినది ఎంతో మిగిలినది ఎంతో కంటికి జాగావలె చూపును. ప్రసంగము చేయువానికి ఈ భేదము బాగుగా తెలియును. (మా సంఘస్థులు ఈ వాక్యము చదివి నవ్వుకొందురు గాక.)

ఈ ఇష్టము మాకు మా తండ్రిగారి వలన వచ్చినది. ఆయన మిషను బడి ఉపాధ్యాయులు. ఆయన చేతికి హెచ్.ఎం.టి. జనతా వాచీ యుండెడిది. 1961లో బెంగుళూరులో ఆ కంపెనీ వారు జపాను దేశపు సిటిజెన్ కంపెనీ సహకారముతో వాచీలు చేయనారంభించిరి. అంతకు మునుపు మన దేశములో మంచి వాచీ అనగా సీమ సరుకే. జనతా అను పేరు దానికి తగినదే, బడిపంతులు జీతములో అమరినది. దానిలో 17 రాళ్లుండెను. లోపల రవ్వలున్నవనియు, రిపేరు చేయువాడు వాటిని కాజేయుననియు మా ఊరిలో పెద్దలే చెప్పుకొనెడివారు. అవి కృత్రిమముగా చేసిన కెంపులు. చక్రముల ఇరుసులు అరిగిపోకుండ వాటి క్రింద పీటలవలె అమర్చుదురు. వెల స్వల్పమే. లోపలి చక్రము సెకనుకు 5 మార్లు, అనగా గంటకు 18,000 మార్లు టిక్కుమనును. రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఆయన వాచీ తీసి మా చేతికిచ్చి, "ఆగేదాకా తిప్పు, ఆగాక తిప్పకు" అనెడివారు. ఒక రాత్రి కీ ఇచ్చుట మరచినయెడల మరుసటి రాత్రికి అది నిలిచిపోవును. దీనిని అనుదిన ప్రార్థనకు ఉదాహరణగా వాడని కాపరి మన ప్రాంతములో లేడు. మేమును రెండు మూడు మార్లు వాడితిమి. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆ వాచీల కంపెనీని మూసివేయ నిర్ణయించినది. అప్పటికే అది ఏండ్ల తరబడి నష్టములో నుండెను.

నష్టమునకు ఒక కారణము క్వార్ట్జ్ వాచీయే. 1969 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసు దినమున, జపానులో సైకో వారు మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకమునకు పెట్టిరి. దాని వెల ఆనాటి చిన్న కారు వెలంత. నేడు కూలివాడును కొనగల వాచీలో సైతము అటువంటి స్ఫటికపు ముక్కయే యుండి సెకనుకు 32,768 మార్లు కంపించుచున్నది. కీ వాచీ దినమునకు అర నిమిషము తప్పినను మంచిదే అనుకొనెడివారము. ఇది నెలకు పదునైదు సెకనులు తప్పుట సామాన్యము. టాటా వారును తమిళనాడు ప్రభుత్వ సంస్థయు కలిసి 1984లో స్థాపించిన టైటాన్ కంపెనీ హోసూరులో ఇట్టి వాచీలనే చేసి దేశమంతట అమ్మినది. కాబట్టి రోజూ పెట్టుకొనుటకు, తెల్లని ముఖము గల, ముళ్లున్న, స్టీలు డబ్బా గల, 50 మీటర్ల క్వార్ట్జ్ వాచీ, మంచి కంపెనీదే కొనుమని మా తీర్పు చెప్పితిమి. జేబులో సెల్ ఫోను ఉండగా వాచీ ఎందుకని కూడ అతడే అడిగెను. వేళ చూచుటకు ఫోను తీసినవాడు వేళ మాత్రము చూచి తిరిగి జేబులో పెట్టుట ఎన్నడైన చూచితివా అంటిమి. అతడు నవ్వెను.

ఇదంతయు చెప్పి ముగించి, ఆశీర్వదించి, ఇంటికి పోతిమి. ఆ వెల ఎవరు చెల్లించెదరు, ఎక్కడనుండి తెచ్చెదరు అని మాత్రము అడుగలేదు.

రెండు వారముల తరువాత పెండ్లి ప్రకటనల విషయమై పెండ్లికుమార్తె గ్రామమునకు వెళ్లితిమి. రెండు గదుల ఇల్లు. తండ్రి కూలిపని చేయువాడు, తల్లి కూడ అంతే. పంచలో ఒక గుంజ, దాని చుట్టు త్రొక్కుడు పడిన నేల, పశువు మాత్రము లేదు. మామూలు మాటగా, "పెయ్య ఏదమ్మా?" అంటిమి. ఆమె సంతోషముగానే చెప్పినది: "అమ్మేశామండీ అయ్యగారూ. అల్లుడుగారి వాచీకి. టౌనుకెళ్లి షాపులో అడిగితే మీరు చెప్పినలాంటిది నాలుగు వేల చిల్లరయిందండీ. మంచి కంపెనీదే కొనమని మీరే చెప్పారంట గదండీ." తరువాత లోపలికి పోయి, డబ్బా తెచ్చి మాకు చూపినది. తెల్లని ముఖము, నల్లని అంకెలు, మేము చెప్పినట్లే. ఏదియు తప్పలేదు.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో మాకు నాతాను దావీదుతో చెప్పిన కథ తప్ప వేరొకటి తోచలేదు. దానిపై మేము నాలుగైదు మార్లు ప్రసంగించితిమి. దరిద్రునికి ఒక్క గొఱ్ఱెపిల్ల యుండెను, ఐశ్వర్యవంతునికి మందలుండెను, అయినను ఆ ఒక్కటియే పోయెను. ఇంతవరకు ప్రతి మారును ఐశ్వర్యవంతుని లోభమును గూర్చియే చెప్పుచు వచ్చితిమి. ఆ దినమున మాత్రము వేరొక సంగతి కంటబడినది. ఆ ధనికుడు తన ఆకలి తీర్చుకొనుటకు ఆ పని చేయలేదు. ఇంటికి వచ్చిన బాటసారికి మర్యాద చేయుటకే చేసెను. మర్యాద మంచి కార్యమే గదా. మా యౌవనస్థుడును ఏమియు దోచుకొనలేదు. మామగారు ప్రేమతో అడిగిరి, అతడు వినయముతో ఒక పెద్దను సలహా అడిగెను, ఆ పెద్ద తనకు తెలిసినది దయతో చెప్పెను. ఎవరి మనస్సులోను చెడుగు లేదు. గుంజ వద్ద పెయ్య మాత్రము లేదు.

చట్టము ఈ విషయమును కొంత ఎరుగును. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టము, అడుగకుండ ఇచ్చిన బహుమానములను కట్నముగా ఎంచదు. అయితే వాటి జాబితా వ్రాసియుంచవలెననియు, ఇచ్చువారి స్థితికి మించిన వెల యుండరాదనియు చెప్పును. ఈ జాబితా వ్రాయు కుటుంబమును మా సేవలో ఇంతవరకు చూడలేదు. స్థితికి మించినదా కాదా అని ఎవరు చూడవలెను? ఇచ్చువారు చూడరు. వారికి కుమార్తె సుఖము కావలెను, నలుగురిలో తల ఎత్తుకొనవలెను. పుచ్చుకొనువాడే చూడవలెను. "మీరు చెప్పండి, ఏ రకము?" అని అడిగినప్పుడు అతడు రకము చెప్పుటయే కోరుటయగును. అడుగలేదను మాట నిజమే. అయినను నాలుగు వేల మాట అక్కడనే పుట్టినది. ఆ రకము పేరు మా నోటనుండి వచ్చినదని మేము మరువలేకున్నాము.

మా సంఘ పెద్దలలో ఒకరితో ఈ సంగతి చెప్పగా, ఆయన ఖండితముగా, "ఈ వాచీలే వద్దండీ. ప్రభువు చేతికి వాచీ ఉందా?" అనిరి. ఆయన మాటలో బలమున్నది గాని మేము ఒప్పుకొనలేదు. ప్రభువు కాలమున గంటల లెక్క యుండెను. సూర్యోదయము మొదలు అస్తమయము వరకు పగటిని పన్నెండు పాళ్లు చేసెడివారు గనుక వేసవిలో గంట పొడుగు, చలికాలములో పొట్టి. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట యజమానుడు కూలివారిని పిలిచిన వేళలు గ్రీకు మూలములో మూడవ గంట, ఆరవ గంట అనియున్నవి. మన తెలుగు బైబిలు చేసినవారు మనకు అర్థమగునట్లు వాటిని మన గడియారమునకు మార్చి వ్రాసిరి. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో పేతురు యోహానులు ప్రార్థన వేళకే దేవాలయమునకు పోయిరి. మన పూర్వికులును గడియలు లెక్కించిరి. 24 నిమిషములు ఒక గడియ, దినమునకు 60 గడియలు. గడియారమను మాట దానినుండి వచ్చినదే. కూలికి పోవు స్త్రీ సూర్యుని చూచి లేచిన దినములు పోయినవి. నేడు ఆమెను ఎక్కించుకొను ఆటో తెల్లవారుజామున ఇన్ని గంటలకని వచ్చును. ఆస్పత్రిలో నర్సుకు, బస్సు నడుపువానికి వాచీ అలంకారము కాదు. వాచీ లేకుండుటలో పరిశుద్ధత యున్నదనుకొనుట మాకు సమ్మతము కాదు.

వాచీ పెట్టుకొనుట తప్పు కానియెడల, ఒక రకమును ఇష్టపడుట తప్పా? ఇది కూడ తేలికగా తేల్చదగినది కాదు. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో సమాజమందిరములోనికి బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానిని గూర్చి చెప్పుచున్నాడు. ఆయన గద్దింపు ఉంగరము పెట్టుకొన్నవానికంటె, ఆ ఉంగరమును చూచి మంచి చోటు చూపినవారి మీదనే ఎక్కువగా పడినది. మా గుడిలో చాపలు అనేకము, ప్లాస్టిక్ కుర్చీలు కొన్నియే. ఏ చేతికి ఎటువంటి వాచీ యున్నదో చూచి కుర్చీ వేయుట మా కన్నులతో చూచితిమి. యౌవనస్థులు దీనిని ఎరుగుదురు. అందుచేతనే టౌనులో బస్టాండు వద్ద మూడు వందలకు, స్విట్జర్లాండు కంపెనీ పేరు వేసిన బంగారు రంగు దొంగ వాచీలు కొని పెట్టుకొనుచున్నారు. వాటి విషయములో మేము మెత్తగా మాట్లాడము. వేళ సరిగా చూపినను ఆ ముఖము మీద పేరే అబద్ధము, చెయ్యి ఎత్తినప్పుడెల్ల చెప్పబడు అబద్ధము. మూడు వందలకు నిజమైన చిన్న కంపెనీ వాచీయే దొరకును.

అయితే మా సాదా వాచీని గూర్చి కూడ చెప్పవలెను. బంగారు రంగు వాచీలను చూచినప్పుడు మాలో ఒక విధమైన తృప్తి పుట్టుచుండెను: మాది ఎంత సాదాగా నున్నది, కాపరికి ఎంత తగియున్నది అని. బంగారమునందు గర్వించువాడు తన గర్వమును ఎప్పటికైన గుర్తించును. సాదాతనమునందు గర్వించువానికి అది వినయమనియే తోచుచుండును. మా పెండ్లికుమారునికి మేము చెప్పినదానిలో సగము ఈ గర్వమే. అతనికి ఏది తగునో చూడక, మా వంటిది అతని చేతికి పెట్టజూచితిమి.

వస్తువు వెనుక ఎవరున్నారని అడుగకపోవుట మన ఒక్క ఊరి సంగతియే కాదు. పూర్వము చీకటిలో మెరయు వాచీలుండెడివి. మన గ్రామములలో మెరయుదానినంతటిని నేటికిని రేడియం అనుచున్నారు. ఆ పేరు ఊరక వచ్చినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున కందకములలోని సైనికులకు జేబు గడియారము తీయ వీలులేక చేతి వాచీలు వ్యాపించినవి. అంతకు మునుపు పాశ్చాత్య దేశములలో అది ఎక్కువగా స్త్రీల ఆభరణమే. చీకటిలో కనబడుటకై అంకెలకు నిజమైన రేడియమును కలిపిన రంగు పూసిరి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఆరెంజ్ అను పట్టణములో యౌవన స్త్రీలు ఆ పని చేసిరి. కుంచె మొన సన్నబడుటకు దానిని పెదవులతో సరిచేయుమని వారికి నేర్పబడినది. దవడ ఎముకలు కుళ్లి అనేకులు మరణించిరి. 1927లో అయిదుగురు స్త్రీలు వ్యాజ్యము వేయగా 1928లో అది పరిష్కారమాయెను. నేటి వాచీలలో రేడియము వాడరు. కాని ఆ దినములలో దానిని చేతికి పెట్టుకొని రాత్రి వేళ చూచుకొన్న మంచివారు, ప్రార్థనాపరులు, ఎందరో యుండియుందురు. వారికి తెలియదు, అడుగవలెనని తోచలేదు.

ఈ నెలల్లోనే వేరొక సంగతి జరిగినది. మా సంఘములో బహు వృద్ధురాలైన విధవ మంచము పట్టియుండగా చూడబోతిమి. ఆమె తన చిన్ననాటి కరువును గూర్చి చెప్పుచుండెను, వినుచునే యుంటిమి. నడుమ మా కన్ను మణికట్టు మీదికి పోయెను. రెప్పపాటు మాత్రమే. ఆమె మాట ఆపి, "వేళయినట్టుందయ్యా, వెళ్లండి" అనెను. వేళ కాలేదు, మాకు వేరే పనియు లేదు. ఎంత చెప్పినను ఆమె ఆ కథను మరల ఎత్తుకొనలేదు. మేము అతనికి అంతగా పొగిడిన స్పష్టమైన ముఖము, దూరమునుండి తెలియు నల్ల అంకెలు, ఆమెకును తెలిసినవి గాబోలు. అప్పటినుండి రోగుల యింటి గుమ్మము దాటకముందే వాచీ తీసి జేబులో వేసికొనుచున్నాము. ఇతర కాపరులు ఏమి చేయుదురో మేమెరుగము.

పెండ్లికి మునుపే యౌవనస్థుని పిలిచి పెయ్య సంగతి చెప్పితిమి. అతనికి అది తెలియదు. చాలసేపు తల వంచుకొని యుండి, "వెనక్కి ఇచ్చేయమంటారా అయ్యగారూ?" అనెను. షాపువాడు పుచ్చుకొనడు. మామగారికి తిరిగి ఇచ్చినయెడల ఆయన చిన్నబుచ్చుకొనును, ఆ ఊరిలో మాటయగును. ఏమి చేయవలెనో మేమును వెంటనే చెప్పలేకపోతిమి. ఒక మారు తొందరపడి చెప్పితిమి గదా. మూడు దినముల తరువాత అతడే వచ్చి, నెలకు అయిదు వందలు చొప్పున తీసిపెట్టి వారికి పెయ్యను కొనియిచ్చెదననెను. ఎందుకని మాత్రము వారితో చెప్పననెను. సగము మాది అంటిమి. అతడు వద్దనెను గాని మేము వినలేదు.

సంక్రాంతికి ముందు సంతలో ఒక పెయ్య దొరికినది. మునుపటి దానికంటె కొంచెము చిన్నది, నుదుట తెల్ల మచ్చ యున్నది. అల్లుడు తోలుకొని వచ్చి గుంజకు కట్టినప్పుడు మేము అక్కడ లేము. తరువాత ఒకనాడు అతడు ట్రాక్టరు ఆపి మాతో మాట్లాడుచుండగా, స్టీరింగు మీదనున్న అతని చేతిని చూచితిమి. నల్లని ప్లాస్టిక్ కాసియో, పట్టీ ఒకచోట తెగగా దారముతో కట్టియున్నది. పెండ్లివాచీ ఆదివారములకు ఉంచెననెను. ఈ కాసియో ఎప్పుడు కొంటివని అడిగితిమి. "నాలుగేళ్లయిందండీ. ఆ రోజు గుడి దగ్గర మిమ్మల్ని అడిగినప్పుడు కూడా ఇదే పెట్టుకొని ఉన్నానండీ" అనెను.